తీర్థం, ప్రసాదం, చెట్టునీడ: బడిలో ఆరోగ్యమూ ప్రకృతీ వేరు కావు

ఆలయానికి వెళ్ళిన భక్తుడు దర్శనం అయిన తరువాత మూడు పనులు చేస్తాడు. అర్చకస్వామి ఇచ్చిన తీర్థాన్ని కుడి అరచేతిలో పట్టి, చుక్క కింద పడకుండా స్వీకరిస్తాడు. ప్రసాదాన్ని కళ్ళకద్దుకొని, దొన్నెలో మెతుకు మిగలకుండా తింటాడు. ఆపైన మండపంలోనో, రావిచెట్టు అరుగు మీదనో కొంతసేపు మాటామంతీ లేకుండా కూర్చుంటాడు. ఈ మూడింటికీ పాఠ్యపుస్తకం లేదు, పరీక్ష లేదు. చిన్ననాడు నాయనమ్మ వేలు పట్టుకొని వెళ్ళినపుడు ఆమె చేసినది చూసి మనమూ చేశాము. ఈనాటికీ చేస్తున్నాము.

మన పిల్లలు ఏడాదిలో రెండువందలకు పైగా రోజులు గడిపే పాఠశాలలోనూ నీరు ఉన్నది, అన్నం ఉన్నది, చాలాచోట్ల ఒక చెట్టయినా ఉన్నది. అయితే అక్కడ నీటిని పొదుపు చేయడం ఒక పాఠం, ఒంటిని కాపాడుకోవడం మరొక పాఠం, చెట్టును నాటడం వేరొక రోజు జరిగే ఉత్సవం. మూడింటికీ మూడు పుస్తకాలు, మూడు గోడపత్రికలు. ప్రకృతి పరిరక్షణను, విద్యార్థి స్వస్థతను విడదీసి బోధించినంతకాలం రెండూ పుస్తకంలోనే నిలిచిపోతాయని, బిడ్డ తాగే నీటి దగ్గర, తినే కంచం దగ్గర, కూర్చునే నీడలో అవి రెండూ ఒక్కటేనని తెలుపడానికే ఈ వ్యాసం.

పుస్తకంలోనికి వచ్చిన ప్రకృతి

పర్యావరణం మన బడులలో పాఠ్యాంశంగా స్థిరపడడానికి న్యాయస్థానం పూనుకోవలసి వచ్చింది. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న తీర్పునిస్తూ, విద్యాలయాలలో పర్యావరణాన్ని తప్పనిసరి విషయంగా బోధించాలని ఆదేశించింది. ఆదేశం ఆచరణలోనికి సరిగా రాలేదని గమనించి, 2003లో ఎన్.సి.ఇ.ఆర్.టి. నమూనా పాఠ్యప్రణాళికను సిద్ధపరచాలని చెప్పింది. ఆరోగ్యం వేరొక దారిన వచ్చింది. ఆయుష్మాన్ భారత్‌లో భాగంగా 2020 ఫిబ్రవరిలో పాఠశాల ఆరోగ్య కార్యక్రమం మొదలయింది. బడికి ఇద్దరు ఉపాధ్యాయులను, ఒక పురుషుని, ఒక స్త్రీని, అందుకు ప్రత్యేకంగా తయారుచేసి, పోషణ, పరిశుభ్రత, మానసిక స్వస్థత మొదలైన 11 అంశాలను పిల్లలకు చెప్పించాలన్నది దాని ఉద్దేశం.

రెండూ మంచి ప్రయత్నాలే. అయినా ఫలితం ఎలా ఉన్నదో ఏ బడి ఆవరణలోనికి వెళ్ళినా కనిపిస్తుంది. ‘నీటిని పొదుపు చేయండి’ అని అందంగా రాసిన గోడ కిందనే కొళాయి కారుతూ ఉంటుంది. నీటి చక్రం బొమ్మ వేసి అయిదు మార్కులకు అయిదూ తెచ్చుకొన్న విద్యార్థి ఆ కొళాయి పక్కనుండే నడిచి వెళ్తాడు. తప్పు వానిది కాదు. బొమ్మలోని నీటికి, కొళాయిలోని నీటికి, తన ఒంటికి సంబంధం ఉన్నదని వానికి ఎవరూ చూపలేదు.

నీటి దగ్గర

ఆ సంబంధాన్ని తెలుగు నేల కంటె స్పష్టంగా చూపగల చోటు అరుదు. 1937లో, నాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో, తరువాతి కాలంలో ప్రకాశం జిల్లాలో చేరిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలలో, పిల్లల పండ్ల మీద గోధుమరంగు చారలు ఉండడాన్ని, పెద్దల వెన్ను, కీళ్ళు బిగిసిపోవడాన్ని వైద్యులు గుర్తించారు. తాగునీటిలోని ఫ్లోరైడు వల్ల కలిగే ఫ్లోరోసిస్ వ్యాధి మన దేశంలో నమోదు కావడం అదే మొదలు. ఆ తరువాత నల్లగొండ జిల్లా ఈ వ్యాధికి మారుపేరయింది. పటికను, సున్నాన్ని నీటిలో కలిపి ఫ్లోరైడును తగ్గించే విధానాన్ని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించి, దానికి నల్లగొండ పేరే పెట్టింది. ఒక జిల్లా పేరు శాస్త్ర గ్రంథాలకెక్కడం సాధారణంగా గర్వకారణం. ఈ విషయంలో మాత్రం అలా అనుకోవడానికి మనసొప్పదు.

ఫ్లోరైడు ఎక్కడినుండో వచ్చి పడిన విషం కాదు. నల్లగొండ ప్రాంతపు నల్లరాతి పొరలలో అది సహజంగానే ఉన్నది. వాన నీరు నేలలోనికి ఇంకి, పై పొరలలోని బావిలో ఊరినపుడు రాతితో దాని సహవాసం తక్కువ. బావులు ఎండి, బోరు వందల అడుగుల లోతుకు దిగినపుడు మనం పైకి లాగేది రాతి పగుళ్ళలో దీర్ఘకాలం నిలిచిన నీటిని. నీరు రాతితో ఎంతకాలం ఉంటే అంతగా ఫ్లోరైడు అందులో కరుగుతుంది. భారత ప్రమాణాల సంస్థ తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు మించరాదని, వేరే నీరు లభించనపుడు 1.5 మిల్లీగ్రాముల వరకు మాత్రమే అనుమతించవచ్చని నిర్ణయించింది. చెరువు పూడిపోవడం, బోరు లోతుకు పోవడం, బిడ్డ పండ్లు పచ్చబారడం ఈ మూడూ ఒకే కథలోని ఘట్టాలు. మన పిల్లలు మాత్రం మొదటి ఘట్టాన్ని సాంఘికశాస్త్రంలోను, రెండవదానిని భౌతికశాస్త్రంలోను, మూడవదానిని జీవశాస్త్రంలోను చదువుతున్నారు. మూడూ తమ ఊరివే అని తెలియకుండానే పదవ తరగతి పూర్తవుతుంది.

ఇక్కడ కాలం ముఖ్యం. శాశ్వతదంతాల పైపొర చాలావరకు ఎనిమిదేళ్ళ లోపే ఏర్పడుతుంది. ఆ వయసులో అధిక ఫ్లోరైడు ఒంటిలో చేరితే పడిన మచ్చ ఎంత తోమినా పోదు. అంటే అంగన్‌వాడిలో, ఒకటి రెండు తరగతులలో తాగిన నీరు జీవితాంతం నోటిలో కనిపిస్తుంది. నోటికి చేయి అడ్డం పెట్టుకొని నవ్వే పిల్లలను చూసినవారికి ఇది కేవలం దంతవైద్యానికి చెందిన విషయం కాదని తెలుసు. విద్యార్థి మానసిక స్వస్థత అని నేడు మనం పెద్దమాటగా చెప్పుకొనేది ఆ చేయి దగ్గరనే మొదలవుతుంది. ఆత్మన్యూనత పోగొట్టడానికి ఎన్ని ప్రసంగాలు చేసినా, తరగతి గది బయట ఉన్న నీటితొట్టిని పరీక్షించకపోతే ఏమి ప్రయోజనం?

కొన్ని అపోహలను కూడ ఇక్కడ తొలగించాలి. నీటిని మరిగిస్తే క్రిములు నశిస్తాయి గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత ఇంకా పెరుగుతుంది. రుచిని బట్టి, రంగును బట్టి దానిని గుర్తించలేము. పరీక్షయే మార్గం. పోషణలోపం, ముఖ్యంగా సున్నపు ధాతువు లోపం ఉన్న పిల్లలకు హాని మరింత ఎక్కువ కనుక పాలు, పెరుగు, రాగులు, మునగాకు కూడ ఈ నీటి కథలో భాగమే. మన చింతపండు చారుకూ ఇందులో చిన్న పాత్ర ఉన్నది. చింతపండు తీసుకొన్న బాలురలో మూత్రం ద్వారా ఫ్లోరైడు ఎక్కువగా విసర్జింపబడిందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రకటించారు. చారు తాగితే చాలునని దీని భావం కాదు. మంచినీటికి బదులు ఏదీ లేదు. తెలంగాణలో మిషన్ భగీరథ ద్వారా నదీజలాలు గ్రామాలకు చేరిన తరువాత పరిస్థితి ఎంతో మెరుగుపడింది. అయినా గొట్టం పగిలిన రోజున, మోటారు చెడిన వారంలో బడి మళ్ళీ పాత బోరునే ఆశ్రయిస్తుంది.

అందువల్లనే వాన నీటి లెక్క పిల్లలకు రావాలి. ఇది ఆరవ తరగతి గణితమే. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు నీరు. బడి కప్పు 200 చదరపు మీటర్లు, ఊరి వర్షపాతం ఏడాదికి 700 మిల్లీమీటర్లు అనుకొంటే 1,40,000 లీటర్లు. అందులో అయిదవ వంతు వృథా అయినా 1,12,000 లీటర్లు మిగులుతాయి. 150 మంది పిల్లలు బడివేళలో తలకు లీటరున్నర చొప్పున తాగితే రోజుకు 225 లీటర్లు. 220 రోజులకు 49,500 లీటర్లు. అంటే బడి తాగవలసిన నీటికి రెట్టింపు కంటె ఎక్కువ ఆ బడి కప్పు మీదనే పడి, మురుగుకాలువలో కలిసిపోతున్నది. అంత నీటిని నిలువ చేసే తొట్టి కట్టడం అన్నిచోట్లా సాధ్యం కాదు. కాని 10,000 లీటర్ల తొట్టి ఉన్నా నెలన్నర గడుస్తుంది. తొట్టి నిండగా మిగిలిన నీరు ఇంకుడుగుంటలోనికి పోతే బోరుకు కొంత బలం. ఇంకుడుగుంట వల్ల ఫ్లోరైడు అన్నిచోట్లా ఒకేలా తగ్గుతుందని చెప్పలేము, నేల స్వభావాన్ని బట్టి ఉంటుంది. తొట్టి నీటిని వడకట్టి, క్లోరిన్ కలిపి వాడుకోవాలన్నదీ మరువరాదు. ఈ లెక్కను తమ బడి కప్పును తామే కొలిచి, తమ ఊరి వర్షపాతాన్ని తామే నమోదు చేసి పిల్లలు వేసుకొంటే దానిని గణితమనాలా, పర్యావరణమనాలా, ఆరోగ్యమనాలా?

నీరు ఉన్నా తాగని పిల్లల సంగతి మరొకటి. నేను ఉపాధ్యాయుడిగా ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో ఎనిమిదవ తరగతి బాలిక ఒకరు ఇంటినుండి తెచ్చిన సీసాను సాయంత్రం నిండుగానే తీసుకొని పోయేది. మధ్యాహ్నానికి తలనొప్పి, పాఠం మీద ధ్యాస లేకపోవడం. చదువు మీద శ్రద్ధ లేదని మేము మందలించాము. ఆ బాలిక తల్లి వచ్చి చెప్పినదాకా మాకు తట్టలేదు: మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదు, అందుచేత పిల్ల నీళ్ళు తాగడం మానుకొన్నది. గడియ ఖరీదు ఎంతో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. కేరళలో 2019లో మొదలయిన ‘నీటి గంట’ పద్ధతి, అంటే రోజులో రెండు మూడు మార్లు గంట కొట్టి పిల్లలందరిచేత నీరు తాగించడం, తరువాత తెలుగు రాష్ట్రాలకూ వచ్చింది. ఎంతో మంచి ఏర్పాటు. అయితే గంటకు ముందు గడియ ఉండాలి.

కంచం దగ్గర

ఆంధ్రదేశంలో అన్నదానం అనగానే గుర్తుకు వచ్చే పేరు డొక్కా సీతమ్మగారిది. గోదావరి లంకలలోని లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చిన బాటసారికైనా వండి వడ్డించిన ఆ ఇల్లాలి పేరును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో బడి మధ్యాహ్న భోజనానికి పెట్టింది. వండిన భోజనాన్ని బడిలోనే పెట్టాలని 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించిన తరువాత దేశమంతటా స్థిరపడిన ఈ పథకం, నేడు కేంద్రంలో పి.ఎం. పోషణ్ అన్న పేరుతో సాగుతున్నది. ప్రాథమిక పాఠశాల బిడ్డకు 450 కెలోరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు. ప్రాథమికోన్నత విద్యార్థికి 700 కెలోరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది నియమం.

నియమం ఉన్నది, వంట జరుగుతున్నది, వడ్డన కూడ జరుగుతున్నది. చెత్తబుట్టలోనికి చూసినవారు తక్కువ. పిల్లలు పారవేసేది ఎక్కువగా కరివేపాకు, ఆకుకూర, పప్పులోని కూరగాయ ముక్క. అంటే ఏ పోషణ కోసం పథకం పెట్టారో ఆ పోషణే బుట్టలో పడుతున్నది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 19 ఏళ్ళ బాలికలలో సుమారు 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. వారానికొకసారి బడిలో ఇచ్చే ఇనుము మాత్రను పరగడుపున వేసుకొని కడుపులో తిప్పిందని మరుసటి వారం పుస్తకాల సంచిలో దాచే పిల్లలు ఉన్నారు. భోజనం తరువాత వేసుకోవాలని, వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదని, ఆకుకూర మీద నిమ్మరసం పిండుకొంటే ఎక్కువగా పడుతుందని చెప్పేవారు కావాలి. ఆ నిమ్మచెట్టు బడి పెరటిలో ఉంటే చెప్పడం మరింత సులభం.

పాఠశాలలలో పోషణ తోటలు పెంచాలని కేంద్రం 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. వీటి విషయంలో అత్యాశ పనికిరాదు. పెద్ద పిల్లలకు రోజుకు తలకు 75 గ్రాముల కూరగాయలు కావాలి. 150 మంది ఉన్న బడికి 11 కిలోలకు పైగా. బడి పెరటిలో అంత పండించడం ఎవరివల్లా కాదు, అలా పండుతుందని నమ్మించి ఫోటో తీసుకొని వెళ్ళడం పిల్లలకు అబద్ధాన్ని నేర్పడమే అవుతుంది. పెరటి తోట ప్రయోజనం వేరు. కరివేపాకు, మునగ, గోంగూర, తోటకూర, బొప్పాయి, నిమ్మ ఇవి తక్కువ నీటితో పెరుగుతాయి. కంచాలు కడిగిన నీరు చాలు. తాను నీరు పోసిన మునగచెట్టు ఆకు పప్పులో పడినపుడు పిల్లవాడు దానిని ఏరి పారవేయడు. పారవేసినా రెండవనాడు ఆ చెట్టు ముందు నిలబడవలసి వస్తుంది. కూరగాయల తొక్కలు ఎరువు గుంటలో పడి మళ్ళీ ఆ చెట్టుకే చేరడం కంటి ముందు జరిగినపుడు సుస్థిరత అనే మాట చెప్పకపోయినా నష్టం లేదు.

వడ్డనలో మన ఆలయాల అన్నదాన సత్రాలకు ఒక మర్యాద ఉన్నది. కొద్దిగా వడ్డించి, ‘మారు కావాలా నాయనా’ అని అడిగి మళ్ళీ వడ్డిస్తారు. బడిలో సమయం తక్కువ, పిల్లలు ఎక్కువ కనుక గరిటెడు అన్నం ఒక్కసారే పడుతుంది. ఒకటవ తరగతి బిడ్డకూ అయిదవ తరగతి బిడ్డకూ ఒకే గరిటె. చిన్న గరిటె, రెండు వరుసలు: ఈ చిన్న మార్పుతో బుట్టలో పడే అన్నం తగ్గుతుంది, సిగ్గుపడి మారు అడగని పిల్లల కడుపూ నిండుతుంది. వంట చేసే అమ్మలను పిల్లలు ‘అక్కా’, ‘పెద్దమ్మా’ అని పిలిచి, తిన్న తరువాత ఒక మాట చెప్పి వెళ్ళే అలవాటు కూడ చేయించవచ్చు. అన్నాన్ని నిందింపరాదన్న ఉపనిషత్తు బోధ పిల్లలకు చేరవలసింది ఈ మార్గంలోనే.

నీడలో

ఒంటిపూట బడులు నడుస్తున్న ఈ రోజులలో చెట్టు విలువను వేరుగా చెప్పనవసరం లేదు. ఉగాదికి అటూ ఇటూగా కొత్త చిగురు తొడిగే కానుగ, వేప మనకు ఎండ ముదిరే వేళకే నీడనిస్తాయి. ఆవరణ అంతా సిమెంటు పరిచి, అంచున అలంకారానికి కుండీలు పెట్టిన బడిలో పదకొండు గంటలకు పిల్లలను బయటకు పంపలేము. పంపకపోతే కళ్ళకు నష్టం. ఈ మాట కొందరికి కొత్తగా ఉండవచ్చు. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో కొన్ని ప్రాథమిక పాఠశాలల ఒకటవ తరగతి పిల్లలను రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపించి మూడేళ్ళు గమనించారు. ఆ పిల్లలలో 30.4 శాతం మందికి హ్రస్వదృష్టి రాగా, మామూలుగా నడిచిన బడులలో 39.5 శాతం మందికి వచ్చింది. 2015లో ప్రచురితమైన ఈ ఫలితం కంటి అద్దాలకు, ఆరుబయటి వెలుతురుకు ఉన్న సంబంధాన్ని చూపింది. మన ఎండలో ఆ 40 నిమిషాలు చెట్టు ఉంటేనే సాధ్యం.

మనసు సంగతికి వస్తే, 6 నుండి 12 తరగతుల విద్యార్థులు 3.79 లక్షల మందిని ఎన్.సి.ఇ.ఆర్.టి. 2022లో ప్రశ్నించగా 81 శాతం మంది తమ ఆందోళనకు చదువు, పరీక్షలు, ఫలితాలు కారణమని చెప్పారు. తెల్లవారుజామున లేపి రాత్రి పది దాటేవరకు చదివించే విద్యాలయాలు మన రెండు రాష్ట్రాలలోను ఎన్ని ఉన్నాయో, ఫలితాలు వెలువడిన వారంలో ఎటువంటి వార్తలు వస్తాయో చదువరులకు తెలుసు. ఆ విద్యాలయాలలో కొన్ని ఇప్పుడు వారానికొక స్వస్థత తరగతిని చేర్చాయి. నిద్రను తగ్గించి, ఆటస్థలం లేని భవనంలో ఉంచి, తగ్గిన నిద్రకు ఉపశమనంగా ఒక తరగతి పెట్టడం కాలు విరిచి కర్ర ఇచ్చినట్లుంటుంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ మన నేల మీదనే ఉన్నది. మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారి ఆలోచనలతో, ఆ ఊరికి చేరువలోనే 1926లో ఏర్పడిన ఋషివ్యాలీ విద్యాలయం సంగతి ఇది. మతసంస్థలను, ఆచారాలను నిలదీసిన తాత్వికుని బడిని దేవాలయ పత్రికలో ఉదాహరించడం కొందరికి వింతగా తోచవచ్చు. మంచిని ఎక్కడ కనిపిస్తే అక్కడినుండి గ్రహించడం మన సంప్రదాయమే. కరవు ప్రాంతపు ఆ బోడి లోయలో దశాబ్దాలపాటు చెట్లు నాటారు, వాన నీటిని నిలిపారు. పక్షులు తిరిగి వచ్చాయి. 1991లో ఆ లోయను పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. అక్కడ ‘అస్తాచలం’ అనే అలవాటు ఒకటి ఉన్నది. సాయంవేళ విద్యార్థులు పడమటి కొండల వైపు తిరిగి, సూర్యుడు అస్తమించేదాకా మౌనంగా కూర్చుంటారు. ఉపన్యాసం లేదు, మార్కులు లేవు. కొండ పచ్చగా ఉన్నది కనుక పిల్లలు దానిని చూస్తూ కూర్చోగలుగుతున్నారు. రోజూ చూస్తున్నారు కనుక దానిని నరకనివ్వాలని వారికి తోచదు. మండపంలో కూర్చునే మన అలవాటుకు దీనికి దూరం ఎంత?

అది రుసుము కట్టి చదువుకొనే ఆశ్రమ విద్యాలయం, అందరికీ కొండలు ఉండవు అన్న అభ్యంతరం న్యాయమైనదే. కాని ప్రభుత్వ పాఠశాలలో ఒక వేపచెట్టు చుట్టూ అరుగు, చివరి గంటలో పది నిమిషాలు చాలు. ఒక హెచ్చరిక మాత్రం అవసరం. మౌనం అలసటకు విశ్రాంతినిస్తుంది, వ్యాధికి చికిత్స కాదు. తిండి మానిన, స్నేహితులను వదలిన, బతుకు మీద విరక్తి మాటలాడుతున్న బిడ్డను ధ్యానం చేయమని కూర్చోబెట్టరాదు. దగ్గర కూర్చుని మాట్లాడాలి, వైద్యునికి చూపాలి. కేంద్ర ప్రభుత్వపు టెలిమానస్ సేవ 14416 సంఖ్యకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఆ సంఖ్యను బడి గోడ మీద, మన ఆలయపు ప్రకటనల పలక మీద కూడ రాయించవచ్చు.

భక్తులు చేయదగినవి

భక్తులు బడులకు విరాళాలు ఇస్తూనే ఉన్నారు. పంకా రెక్కల మీద దాత పేరు, ఆయన తండ్రిగారి పేరు, ఊరి పేరు రాయించగా గాలి వస్తున్నదో లేదో తెలియని స్థితి కూడ చూశాము. పేరు రాయడానికి వీలు లేని దానాలు కొన్ని ఉన్నాయి, అవే ఇక్కడ ఎక్కువ అవసరం. ఊరి బడి నీటిని పరీక్ష చేయించడం అటువంటిది. శుభ్రమైన సీసాలో ఒక లీటరు నీటిని నింపి, తీసిన చోటు, తేదీ రాసి గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో ఇస్తే ఫ్లోరైడు, నైట్రేటు మొదలైనవి కొలుస్తారు. క్రిముల పరీక్షకు నీటిని పట్టే విధానం వేరు. దానికి తగిన సీసాను ప్రయోగశాలనే అడగాలి. వేసవిలో నీరు అడుగంటినపుడు ఒకసారి, వానల తరువాత ఒకసారి చేయిస్తే తేడా తెలుస్తుంది. ఆ రెండు కాగితాలను ప్రధానోపాధ్యాయుల గదిలో దాచక, నీటితొట్టి పక్కన అంటించమని కోరండి. పిల్లలు చదువుకొంటారు.

ఆలయంలో స్వామికి అలంకరించి తీసిన పూలు, తులసి, మారేడు దళాలు రోజూ ఎంత బరువుంటాయో ధర్మకర్తలకు తెలుసు. వాటిని కాలువలో వదలుట కంటె దారాలు తీసి బడితోట ఎరువు గుంటకు పంపడం మేలు. స్వామి పూలు కాలికింద పడతాయన్న సంకోచం ఉన్నవారు గుంటకు చుట్టూ గట్టు కట్టిస్తే సరిపోతుంది. ఆలయ నందనవనంలో పెంచిన కానుగ, నేరేడు మొక్కలను నాటే రోజున ఇచ్చి చేతులు దులుపుకోక, మొదటి రెండు వేసవులు నీరు పోసే బాధ్యతను భజన మండలి వారు వంతులవారీగా తీసుకోవచ్చు. సెలవులలో బడికి తాళం పడుతుంది. మొక్కలు చనిపోయేది అప్పుడే. గడియ లేని తలుపులు ఎన్ని ఉన్నాయో బడికి వెళ్ళి చూసి రావడానికి మహిళా భక్తులు ఇద్దరు చాలు. ఆడపిల్లలు వారికి చెప్పుకొంటారు.

వేసవి సెలవుల తరువాత జూన్ రెండవ వారంలో బడులు తెరుస్తారు. నైరుతి పవనాలు కూడ ఆ రోజులలోనే మనలను చేరుతాయి. వాన నీటి తొట్టి పెట్టదలచిన గ్రామాలవారు మే నెలాఖరులోగా కప్పు ఊడ్పించి, గొట్టాల అతుకులు సరిచేయించి, తొట్టి లోపల కడిగించి ఆరబెట్టించాలి. గొట్టం మూతికి పలుచని వల కట్టాలి, తొట్టికి దోమ దూరని మూత ఉండాలి. కప్పు మీద చేరిన దుమ్ము, పక్షుల రెట్టలు తొలివానతో కొట్టుకొని వస్తాయి కనుక ఆ మొదటి వాన నీటిని తొట్టిలోనికి వదలక మొక్కలకు మళ్ళించండి.